వానగుంటలో చుక్కి

జ్ఞాపకాలను పూర్తిగా నమ్మలేం గాని, తల్లిపెట్ట చిన్నతనంలో పెరటి వానగుంట తాగడానికీ, ఒకరిమీద ఒకరు నీళ్లు చిమ్ముకోవడానికీ మాత్రమే ఉండేది. అందులో తన రూపం చూసుకున్న కోడిపిల్ల ఒక్కటీ లేదు.

ఒకనాడు గోరింక ఈడొచ్చిన పక్షుల పొడవాటి ఈకలు తెచ్చింది. నూగైనా రాలని కోడిపిల్ల చుక్కితో, "ఇంకా పసిదానివేనటే? ఇవి తగిలించుకో, అప్పుడే నిన్ను చూస్తారు" అంది. చుక్కి తగిలించుకుంది.

అంతలో గద్ద నీడ పడింది. తల్లి రెక్కలు విప్పగానే పిల్లలన్నీ వాటి కిందికి దూరాయి. ఈకలు అడ్డొచ్చి చుక్కి మాత్రం పట్టలేదు.

"పీకెయ్యవే తల్లీ!" అని అరిచింది పెట్ట.

"పీకేస్తే నేను బాగుండనమ్మా!"

తల్లే ముక్కుతో ఈకలు పీకి, పిల్లను లోపలికి లాక్కుంది. గద్ద వెళ్లిపోయింది.

చుక్కి దాహంతో గుంట దగ్గరికి వెళ్లింది. చాలాసేపు నీళ్లలో తన రూపం చూసుకుని, తాగకుండానే తిరిగి వచ్చింది.