అలవాటైన వెలుగు

"ఏంటలా వంగి చూస్తున్నారు? ఎత్తుకుపోదామనా?"

పళ్ళ డాక్టరు గొంతు పెంచేసరికి, కారు వెనక సీటులోకి తొంగిచూస్తున్న పెద్దావిడ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది.

సీటు మీద ఆయన అప్పుడే చేపల షాపులోంచి తెచ్చుకున్నవి ఉన్నాయి. ఉప్పునీళ్ళు నింపిన ప్లాస్టిక్ కవర్లో బతికున్న పగడాలు, పక్కనే అట్టపెట్టెలో కొత్త లైటు.

"అయ్యో, అందుకు కాదు బాబూ," అంటూ ఆవిడ చేతిసంచీలోంచి ఒక లైటు తీసింది. అక్వేరియం మీద పెట్టేదే. ఉప్పు పట్టి దాని అంచులు తెల్లబడ్డాయి. "ఇది కూడా తీసుకెళ్ళండి."

"పాత సామాను కొనను."

"కొనమనటంలేదు. మా పిల్లలు ఈ వెలుగులోనే పెరిగారు. ఒక్కసారిగా ఎక్కువైతే తట్టుకోలేరు. అందుకని..."

"మీ పిల్లల గొడవ నాకెందుకమ్మా? ఏమన్నా ఉంటే వాళ్ళకే చెప్పుకోండి."

ఆవిడ ఇంకేదో చెప్పబోయింది. ఆయన కారు అద్దం పైకెత్తేశాడు.

పక్క సీట్లో ఉన్న భార్య మొహం చిన్నబుచ్చుకుంది. "పాపం, పెద్దావిడ. అంత మాట అనాలా?"

"నీకు తెలీదు. ఇలాంటివాళ్ళు ముందు పిల్లల కథ చెబుతారు. తర్వాత చెయ్యి చాపుతారు."

అన్నాడే గానీ, వీధి మలుపు తిరిగేదాకా వెనక్కి చూడ్డానికి ఆయనకి మొహం చెల్లలేదు.

భార్య చూసింది. ఆవిడ సంచీ పట్టుకుని అక్కడే నిలబడి ఉంది.

డాక్టరుకి ఇది మొదటి ఉప్పునీటి తొట్టి. షాపులో ఉన్న లైట్లన్నిట్లోకీ పెద్దది ఏరి మరీ తెచ్చాడు. "మొదట్లో తగ్గించి పెట్టండి సార్, మెల్లిగా పెంచుకోవచ్చు," అని షాపతను చెబుతూనే ఉన్నాడు.

"వెలుగు సరిపోకపోతే పిప్పిపన్నే కనపడదు, పగడాలేం బతుకుతాయయ్యా?" అని డాక్టరు కొట్టిపారేశాడు.

ఇంటికొచ్చి లైటు బిగించి, మీట చివరిదాకా తిప్పాడు. గోడలు కూడా మెరిశాయి.

"ఇంట్లో కూడా ఆపరేషను లైటేనా?" అంది భార్య కళ్ళకి చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఆయన నవ్వి, తోటి డాక్టర్లందరికీ ఫోన్లు చేశాడు. ఆదివారం వచ్చి చూడమన్నాడు. ఊదారంగు, ఆకుపచ్చ, ఇలాంటివి మీరు జన్మలో చూసి ఉండరన్నాడు.

మర్నాటికే పగడాలు ముడుచుకుపోయాయి.

"మీ పేషెంట్లే నయం," అంది భార్య. "చెబితే నోరన్నా తెరుస్తారు."

వెలుగు చాలటంలేదేమోనని ఆయన పొద్దుటినించి రాత్రిదాకా లైటు ఆర్పలేదు.

ఆదివారానికి రంగంతా పోయి అవి పాలిపోయాయి. అతిథులు వచ్చే వేళకి ఆయన తొట్టి మీద దుప్పటి కప్పాడు.

"పగడాలు నిద్రపోతున్నాయి," అన్నాడు.

"పట్టపగలా?" అన్నాడొక డాక్టరు. అందరూ నవ్వారు. దుప్పటి అంచు ఎత్తి ఇంకొకాయన లోపలికి చూసి, చప్పుడు చెయ్యకుండా దించేశాడు. ఆ దించడానికే డాక్టరుకి తల కొట్టేసినట్టయింది.

ఆ సిగ్గంతా తెల్లారేసరికి కోపంగా మారింది. తెల్లబడ్డ పగడాల్ని అదే కవర్లో వేసుకుని షాపుకెళ్ళాడు.

"చచ్చిన సరుకు అంటగడతారా?"

షాపతను కవరు చూశాడు.

"ఫుల్లు లైటు పెట్టారా సార్?"

"పెడితే? మంచి సరుకైతే తట్టుకోవాలి."

"ఇది నా సరుకు కాదు. మీ దగ్గర వీటికి డబ్బు తీసుకోలేదు కదా!"

"లైటు కొన్నందుకు కొసరనుకున్నాను."

"కొసరా?" షాపతని మొహం ముడుచుకుపోయింది. "పెంచినవాళ్ళు ఇల్లు వదిలి వెళ్ళాల్సొచ్చి, నా దగ్గర వదిలారు సార్. వెళ్ళేచోట తొట్టికి జాగా లేదు. కొంటామని ఎంతమంది అడిగినా ఇవ్వనివ్వలేదు. మీరు మోకాళ్ళ మీద కూర్చుని వీటిని చూస్తుంటే, లోపల్నించి మిమ్మల్ని చూసి, 'ఈయనకివ్వు, ప్రాణంలా చూసుకుంటాడు' అన్నారు."

తనని అంత నమ్మినవాళ్ళెవరో డాక్టరు అడుగుదామనుకున్నాడు. అడగటానికి సిగ్గేసింది.

బల్ల మీద ఫోను మోగింది.

"వాళ్ళే," అన్నాడు షాపతను. "రోజూ చేస్తారు, ఎలా ఉన్నాయో కనుక్కోడానికి. బాగున్నాయనే చెబుతూ వచ్చాను. ఇవాళ నావల్ల కాదు."

ఫోనులో, "తీసుకెళ్ళినాయన ఇక్కడే ఉన్నారండీ," అని చెప్పి డాక్టరు చేతికిచ్చేశాడు.

నీళ్ళు పడలేదని చెబుదామా, లైటు మంచిది కాదందామా అని డాక్టరు సంజాయిషీలు వెతుక్కుంటూ ఫోను చెవికి ఆనించాడు. రెండో చేతిలో కవరు అలాగే ఉంది.

"హలో," అన్నాడు.

"మీరేనా బాబూ!" అవతల గొంతులో ఎంత సంతోషమో. "ఆ రోజు తొందరలో ఉన్నట్టున్నారు, లైటు ఇవ్వలేకపోయాను."

డాక్టరుకి ఆ నిమిషాన భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. రోజంతా అందరిచేతా నోరు తెరిపించేవాడికి తన నోరు పెగల్లేదు.

"వినపడుతోందా బాబూ?" అంది ఆ పెద్దావిడ. "మా పిల్లలు ఎలా ఉన్నారు?"