జంట మునక

"వానల్లో సముద్రంలోకి దిగడమేంటి బాబూ? పైన ఉరుములు, కింద సుళ్ళు!"

సెలూన్ అద్దానికి ఆనించిన ఫోన్‌లో అల్లుడు నవ్వాడు. కుర్చీలో బేకరీ ఆయన మొహమంతా నురగతో, గడ్డం పైకెత్తి, ఊరంతా గజ ఈతగాడని పిలిచే సెలూన్ ఆయన చేతిలోని కత్తి వంకే చూస్తున్నాడు. ఆ కత్తి గీసిన చోటే మళ్ళీ మళ్ళీ గీస్తోంది మరి.

"వానాకాలమైతేనే కదా మామయ్యా నా పడవ ఖాళీగా ఉండేది! పొద్దున పూట గాలి పడిపోతుంది. పగడాల దిబ్బకి లోపలి వైపు చెరువులా ఉంటుంది. వానంటారా, అది పైన పడుతుంది, మనం కింద ఉంటాం. చేపలేమన్నా గొడుగులేసుకుని తిరుగుతాయా?"

తనుండే దీవికొచ్చిన వాళ్ళని సముద్రం అడుగుకి తీసుకెళ్ళి పగడాలూ చేపలూ చూపించి తేవడం అల్లుడి పని. అత్తగారు ముచ్చటపడిందని వచ్చే వారానికి పడవ ఆపి ఉంచాడు.

"అది కాదు బాబూ. మీ అత్తయ్యకి నీటిగండం. తెలుసుగా!"

తెలియనిదెవరికి? ఊళ్ళో గడ్డం మొలిచిన ప్రతివాడూ ఆ కథ విన్నవాడే. పెళ్ళయిన కొత్తలో కాలవలో కొట్టుకుపోతున్న పెళ్ళాన్ని ఈయన దూకి, జుట్టు పట్టుకుని ఒడ్డుకి లాగాడట. మొదట్లో కాలవ కాలవంతే ఉండేది. చెప్పగా చెప్పగా నదయింది. నదికి వరదొచ్చింది. ఆ వరదలో ఒక ఏనుగు కూడా కొట్టుకొచ్చింది. దాని వీపు మీద కాలు మోపి దూకానన్నాడు. మెడ మీద కత్తి ఉన్నవాడు నమ్మక ఛస్తాడా? అలా వచ్చిందే గజ ఈతగాడన్న పేరు.

ఇదంతా నిజమేనా అమ్మా అని ఎవరైనా ఆయన భార్యనడిగితే, ఆవిడ సెలూన్ తువ్వాళ్ళు మడతపెడుతూ, "జుట్టు పట్టుకుని లాగిన మాట నిజమే" అనేది. అంతకు మించి పలికేది కాదు.

ఆ కథ పుణ్యమా అని కాలవ గట్టున పుట్టి పెరిగిన మనిషిని మళ్ళీ ఎవరూ నీళ్ళ దరికి పోనివ్వలేదు. వీధిలో వాననీళ్ళు నిలిస్తే పిల్లలు సైతం "అమ్మా, జాగ్రత్త!" అని చెయ్యి పట్టుకునేవారు. ఆవిడ నవ్వి ఊరుకునేది.

"అందుకేగా మామయ్యా మిమ్మల్ని కూడా రమ్మంటున్నది!" అన్నాడు అల్లుడు. "మా దగ్గర ఎవరినీ ఒంటరిగా దింపం. ఎప్పుడూ జంటే. ఒకరికి సిలిండర్‌లో గాలి అయిపోతే రెండోవాళ్ళు అందివ్వాలి. ఒకరు తడబడితే రెండోవాళ్ళు పైకి తేవాలి. జంటలో ఒకరికన్నా ఈత బాగా వచ్చుండాలి. అత్తయ్యకి మీరే జంట. ఇంక నాకేం బెంగ?"

"అబ్బా!" అన్నాడు బేకరీ ఆయన. గడ్డం మీద ఎర్రటి చుక్క పొడుచుకొచ్చింది.

"తగిలిందా? అయ్యో, ఒక్క క్షణం..." గజ ఈతగాడు ఫోన్ కట్టేసి దూది వెతికాడు. ఎదురుగానే ఉన్న దూది ఎంతకీ కనిపించలేదు.

"నా రక్తానికేంలే గానీ, నీకెందుకయ్యా అంత కంగారు? ఏనుగు మీంచి దూకినవాడివి!"

"అది మంచినీళ్ళ ఏనుగండీ. ఇది ఉప్పునీరు."

బేకరీ ఆయన గడ్డానికి దూది అంటించుకుని గొడుగు విప్పుకున్నాడు. బయట వాన ఇంకా జోరందుకుంది. చూరు నీళ్ళ చప్పుడుకే గజ ఈతగాడు గుమ్మం దగ్గర్నించి రెండడుగులు వెనక్కేశాడు.

వెనక గది తలుపు తీసుకుని భార్య వచ్చింది. చేతిలో కొత్త తువ్వాలు, మొహంలో పెళ్ళికెళ్ళే కళ.

"తుఫానంట. ఆ అమ్మాయి చెప్పింది," అన్నాడు.

"ఏ అమ్మాయి?"

"రేడియోలో అమ్మాయి."

"తుఫానైతే మీ అల్లుడే దింపడు. రేవులో ఎర్రజెండా కడతారంట."

"లోతుకెళ్తే చెవులు పగిలిపోతాయి."

"ముక్కు మూసుకుని మెల్లిగా ఊదాలంట. పోపేసేటప్పుడు రోజూ చేసి చూస్తున్నా. బాగానే ఉంది."

"మరి షాపు?"

"మీ తమ్ముడికి తాళం ఇచ్చేశా."

గజ ఈతగాడు కుర్చీలో కూలబడ్డాడు. కుర్చీ తనంతట తనే సగం తిరిగి ఆగింది. "ఏమన్నా అయితే? కాళ్ళ కింద నేలుండదు. అరిచినా వినపడదు."

"ఏమీ అవదు. పక్కన మనిషి ఉంటుంది కదా." ఆవిడ దగ్గరకొచ్చింది. "ఇన్నేళ్ళూ మీ కథ వింటూ గట్టు మీదే కూర్చున్నాను. ఎప్పుడన్నా కాదన్నానా? ఒక్కసారి దిగనివ్వండి. ఇప్పుడు కాకపోతే నా మోకాళ్ళు ఒప్పుకోవు."

అద్దంలో ఆవిడ మొహం కనపడితే ఆయన చూపు దించుకున్నాడు. "సరే," అన్నాడు.

ఆవిడ కళ్ళు మెరిశాయి. "బుడగలొస్తాయంట తెలుసా? మనం ఊపిరి వదిలితే పైదాకా బుడగలే!"

"ఆ బుడగలేవో నువ్వే వదులు తల్లీ," అంటూ ఆయన మెడకి గుడ్డ చుట్టుకుని కత్తెర తీశాడు. ఊళ్ళో అన్ని తలల మీదా ఆడే ఆ కత్తెరకి ఆయన తల మాత్రం ఎన్నడూ లొంగలేదు. భుజాల దాకా జులపాలు. సెలూన్ పెట్టినవాడికి ఈ అవతారమేంటని అందరూ ఎకసెక్కెమాడేవారు. కొసలు దిద్దడానికి తప్ప భార్య ఒప్పుకునేది కాదు. "ఇదన్నా కురచ చేస్తా. నీళ్ళలో కళ్ళకి అడ్డం పడుతుంది."

ఆవిడ చటుక్కున కత్తెర లాగేసుకుంది. ఆయన జుట్టులోకి వేళ్ళు పోనిచ్చి, గుప్పెట బిగించి, పట్టు దొరుకుతోందో లేదో ఒకసారి గుంజి చూసింది.

"కాలవలో మిమ్మల్ని లాగింది దీన్ని పట్టుకునే కదా!"