తెల్లరంగు గుర్తు

దాసమ్మ వేసిన గొడ్డలి వేటు కూలీ భుజంలో దిగింది. అతను అప్పుడే పడగొట్టిన మద్దిమాను మీదే కూలబడ్డాడు. మిగతావాళ్లు రంపాలు వదిలేసి పారిపోయారు.

రెండో వేటు పడకముందే రామతులసి ఆమె చేయి పట్టుకుంది. గూడెం ఆడవాళ్లకు చదువు చెప్పడానికి మార్కాపురం నుంచి వచ్చిన పిల్ల.

"అడ్డం రావాకు పంతులమ్మా. తేనెపట్లున్న చెట్లే చూసి కొట్టినారు దొంగనాయాళ్లు."

రామతులసి చున్నీతో అతని గాయాన్ని అదిమిపట్టింది. నెత్తురు ఆమె మోచేతుల దాకా కారింది.

"ఈ చెట్లే కొట్టమని ఎవరు చెప్పినారు?" అని అతన్ని అడిగింది.

"మేస్త్రీ, అక్కా. తెల్లరంగు గుర్తున్నవి కొట్టమన్నాడు. ఏ అడివిలోనైనా అంతే గదా. కొట్టేవాటికే గుర్తు పెడతారు."

రామతులసి చుట్టూ చూసింది. పడిన ప్రతి మాను మీదా తెల్లరంగుతో వంకర అక్షరాలు. పేరు రాసుంటే ఎవరూ ముట్టరని, గూడెం ఆడవాళ్లు ఒక్కొక్కరి చేత ఒక్కో తేనెచెట్టు మీద వాళ్ల పేరు రాయించింది తనే.

పేరు రాసిన చెట్లలో ఇంకా నిలబడి ఉన్నది ఒక్కటే. దాసమ్మ దాని దగ్గరికి పోయి, ఆ నెత్తుటి గొడ్డలితోనే, ఎండాకాలమంతా దిద్ది నేర్చుకున్న తన పేరును బెరడు మీంచి చెక్కేసింది.