పుట్టింటి జీడిపప్పు

ఉతకడానికి తీసిన జగన్నాధం చొక్కా జేబులో ఈశ్వరికి మళ్లీ అదే అంకె దొరికింది. ఎనభై ఆరు.

ఆమదాలవలస స్టేషన్‌లో బరువు చూసే మిషను ఇచ్చిన అట్టముక్క అది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. 'నీ మనసులోని కోరిక త్వరలో నెరవేరును' అని ఉంది ఈసారి.

"నెరవేర్తాది, నేను సచ్చినాక," అని పళ్లు కొరికి, ఆ ముక్కను పోపుల పెట్టె వెనక దాచింది. అక్కడ అలాంటివి ఇప్పటికే నాలుగున్నాయి.

మూడు నెలల కిందటి దాకా జగన్నాధం తొంభై రెండు కిలోల నిండు మనిషి. ఎరువుల కొట్టు నడుపుతాడు. పెళ్లయిన పద్దెనిమిదేళ్లలో ఒక్కపూట పస్తున్న పాపాన పోలేదు. అలాంటివాడు ఒకరోజు అన్నం కంచం పక్కకు నెట్టి, చోడి అంబలి పొయ్యమన్నాడు. పొద్దున్నే రైలు గేటు దాకా నడక మొదలుపెట్టాడు. చూస్తుండగానే ఆరు కిలోలు దిగాడు. వదులైన చొక్కాలన్నీ బిగించి కుట్టించుకున్నాడు.

ఈశ్వరి మొదట మురిసిపోయింది. పక్కింటి సుభద్రమ్మే నిప్పు రాజేసింది.

"ఎర్రిదానా! నలభై దాటిన మగోడు సన్నబడతన్నాడంటే పెళ్లాం కోసమేటే?"

ఆ మాట చెవిలో జోరీగలా కూర్చుంది. ఆ రోజే మొగుడి పర్సు వెతికింది. వెతికేవాళ్లకు దొరక్కపోవడం ఎక్కడైనా ఉందా? మడతపెట్టిన చీటీ దొరికింది. రోజుకు పద్దెనిమిది వందల కేలరీలని రాసి, కొట్టేసి, పదహారు వందలని దిద్ది ఉంది. గుండ్రటి ఆడచేతి రాత. ఫోనులో చూస్తే ఒక ఆడ పేరూ దొరికింది. తులసి మేడమ్. బుధవారం ఒక కాల్, శనివారం ఒక కాల్.

బుధ, శనివారాలు! ఈశ్వరికి ఒళ్లు మండిపోయింది. ఆమె పుట్టిల్లు ఉద్దానం. అక్కడ ఎందరినో పట్టిన కిడ్నీ జబ్బే తమ్ముడు వెంకీనీ పట్టుకుంది. ఏడాదిగా అక్క దగ్గరే ఉంటున్నాడు. వారానికి ఆ రెండు రోజులూ జగన్నాధమే బండి మీద శ్రీకాకుళం తీసుకెళ్లి డయాలసిస్ చేయిస్తాడు. వెంకీ నాలుగు గంటలు మంచం మీద కదలకుండా పడుకోవాలి. ఆ నాలుగు గంటలూ బావ ఎక్కడ తిరుగుతున్నాడో పాపం వాడికేం తెలుస్తుంది?

తమ్ముడి జబ్బును అడ్డం పెట్టుకుని షికార్లా!

ఇంకా ఏ మూలో మిగిలిన నమ్మకం కాస్తా ఆ సాయంత్రం పోయింది. పెరట్లో జగన్నాధం ఫోనులో గుసగుసలాడుతున్నాడు.

"ఈశ్వరికి ఇప్పుడే తెలీకూడదు మేడమ్. అంతా కుదిరినాక నేనే సెప్తాను."

కుదరనిస్తేగా!

గొడవపెట్టుకుంటే సుభద్రమ్మకు వినోదం. అందుకని ఈశ్వరి నోరు మూసుకుని పొయ్యి దగ్గరే పని మొదలుపెట్టింది. పుట్టింటివాళ్లు పంపిన జీడిపప్పు మెత్తగా రుబ్బి అంబలిలో కలిపింది. మజ్జిగలో మీగడ చిలికింది. ముద్దపప్పులో వెన్న దాచింది.

"నీ సెయ్యి పడితే సాలే, అంబలి కూడా అమృతంలాగుంటాది," అని జగన్నాధం గిన్నె వేలితో తుడుచుకుని నాకాడు.

ఎనభై ఆరు దగ్గర బరువు ఆగిపోయింది.

అతను రాత్రి చపాతీ మానేశాడు. ఈమె జీడిపప్పు రెట్టింపు చేసింది. చీటీలో పదహారు వందలు పద్నాలుగు వందలయ్యాయి. ఈమె మీగడ పెంచింది. స్టేషన్‌లో చెప్పులు విప్పి, వాచీ తీసి, మళ్లీ మిషనెక్కాడని వెంకీ చెప్పి నవ్వాడు. ఈశ్వరికి నవ్వు రాలేదు. ఇంత తపనా, ఆవిడ కోసం? పెళ్లిచూపులకైనా ఈ మనిషి సరిగ్గా తల దువ్వుకుని రాలేదే!

ఆ శనివారం వాళ్లు బయల్దేరిన గంటకు ఆమె ఆటో ఎక్కింది.

ఆసుపత్రిలో వెంకీ నిద్రపోతున్నాడు. పక్కన కుర్చీ ఖాళీ. నర్సునడిగితే వరండా చివరి గది చూపించింది. తలుపుకు పచ్చ కర్టెన్. పైన బోర్డు: తులసి, డైటీషియన్.

దొరికావురా మావా అనుకుని, కొంగు బిగించి కర్టెన్ మీద చెయ్యి వేసింది. లోపల మొగుడు బతిమాలుతున్నాడు.

"ఇంకా తగ్గించండి మేడమ్. ఒక్క పూటే తింటాను."

"బరువు తగ్గేకొద్దీ ఒంటికి కావలసిన తిండీ తగ్గుతుంది. అందుకే ఆగినప్పుడల్లా రెండు వందలు కోశాను. పన్నెండు వందలకు దించినా అంకె కదలట్లేదంటే నమ్మలేకపోతున్నాను. ఇంట్లో నూనె, వెన్న కొలిచే వేస్తున్నారా?"

"మా ఈశ్వరే వండతాది మేడమ్. దాని సేతిని అనుమానిస్తే నాకు కళ్లు పోతాయి."

కర్టెన్ మీద ఈశ్వరి చెయ్యి కొంచెం సడలింది. లోపల తులసి కాగితాలు సర్దిన చప్పుడు వినిపించింది.

"ఇక నా చేతుల్లో లేదండీ. ఈ నెలాఖరుకు మీరు ఎనభైకి దిగితేనే మీ కిడ్నీ తీసి మీ బావమరిదికి పెడతానని పెద్ద డాక్టరుగారు తేల్చి చెప్పేశారు."