కిష్టమ్మ గిన్నె

"గిన్నె కింద పెట్టు కిష్టమ్మా! పిల్లవాడు వచ్చి ఇక్కడ కూర్చుని తింటేనే ఉప్మా. ఇంటికి పట్టుకెళ్ళడానికి లేదు" అంది జయలక్ష్మి, బాల్వాడీ గుమ్మానికి అడ్డంగా నిలబడి.

"మా ఎల్లేశానికి జరం టీచరమ్మా. లేస్తలేడు. జర పోనియ్యి." కిష్టమ్మ కొంగు కింద గిన్నె పొగలు కక్కుతోంది.

జయలక్ష్మి మాట కిష్టమ్మతోనే గాని, చూపు మాత్రం లోపల కుర్చీలో ఉన్న సూపర్‌వైజరు సోమేశ్వరరావు మీద ఉంది. ఉప్మా బయటికి పోతోందని ఎవరో పైకి చాడీలు మోశారట. నిజమని తేలితే సెంటరు ఎత్తేస్తారట. పొద్దుటి నుంచీ ఆమెకు కాలు ఒకచోట నిలవడం లేదు. కరువు కాలం. నానక్‌రామ్‌గూడలో సగం మంది పిల్లలకు సర్కారు వారి ఈ గోధుమరవ్వ ఉప్మాతోనే పూట గడుస్తోంది.

"జ్వరమంటోందిగా, పోనివ్వండి" అన్నాడు సోమేశ్వరరావు.

కిష్టమ్మ మలుపు తిరిగేదాకా ఆగి, చెప్పులు తొడుక్కున్నాడు.

"పదండి, వెనకాలే వెళదాం. ఏ గేదెకి పెడుతుందో చూద్దాం."

"కిష్టమ్మ అలాంటిది కాదండీ."

"మరి మీకెందుకండీ అంత కంగారు?"

కిష్టమ్మ పరుగులాంటి నడకతో పోతోంది. ఆమె గుడిసె వచ్చింది. తడిక కట్టేసి ఉంది. సందుల్లోంచి చూస్తే లోపల జ్వరపు పిల్లవాడూ లేడు, ఎవరూ లేరు. కిష్టమ్మ అటు చూడనైనా చూడకుండా ముందుకు సాగిపోయింది.

"చూశారా!" అన్నాడు సోమేశ్వరరావు.

జయలక్ష్మికి ఒళ్ళు మండింది. వారం పైగా ఇదే జ్వరం కబురు. తను నమ్మింది. దొంగముఖంది, ఎంత పని చేసింది!

అంతలో కిష్టమ్మ బండరాళ్ళ పక్కనుంచి కిరాయి గదుల సందులోకి తిరిగింది. జయలక్ష్మి అడుగు వెనకబడింది. అది తనుండే సందు.

చివరి గది ముందు ఆగి, బయటి గొళ్ళెం తీసింది కిష్టమ్మ. లోపల్నుంచి గెంతుకుంటూ వచ్చి గడపలో కూర్చున్నాడు బుల్లిబాబు, జయలక్ష్మి కొడుకు.

"తిను బిడ్డా, సల్లారక ముందే."

జీతం రాక నెలలు గడిచాయి. అయినా కొడుకును ఒక్కనాడూ బాల్వాడీకి తీసుకెళ్ళలేదు జయలక్ష్మి. 'ఆంధ్రా టీచరమ్మ మా పిల్లల తిండి తన కొడుక్కి పెడుతోంది' అన్న మాట పడకూడదని కాసిని గంజినీళ్ళు తాగించి, గొళ్ళెం పెట్టి వచ్చేది. మధ్యాహ్నం వెళితే 'ఆకలి లేదమ్మా' అనేవాడు వాడు. పసివాడికి కూడా ఇంటి సంగతి తెలిసిపోయిందని ఆమెకు ఏడుపొచ్చేది.

ఆ గిన్నెలోది ఎల్లేశం వంతు. వాడు తండ్రి వెంట రాళ్ళ క్వారీకి పోయి జొన్నరొట్టెతో సరిపెట్టుకుంటున్నాడన్న మాట.

"ఎవరి పిల్లవాడే వీడు?" సోమేశ్వరరావు గొంతుకు కిష్టమ్మ ఉలిక్కిపడి తిరిగింది. అతన్ని చూసింది. వెనక పాలిపోయి నిలబడిన జయలక్ష్మిని చూసింది. చటుక్కున పిల్లవాణ్ణి ఒళ్ళోకి లాక్కుంది.

"నా కొడుకే సారూ. ఎల్లేశం. మా గుడిసెల ఎండ కొడ్తదని ఈడ పండవెట్టిన."

"అమ్మా!" అంటూ బుల్లిబాబు జయలక్ష్మి వైపు చేతులు చాచాడు.

"ఆఁ బిడ్డా, ఈడనే ఉన్న గద!" కిష్టమ్మ వాడి ముఖాన్ని భుజానికి అదుముకుంది.

సోమేశ్వరరావు వంగి వాడి నుదురు తాకాడు. "చల్లగానే ఉందే!"

"ఇప్పుడే దిగింది సారూ. గందుకే ఆకలైతుంది."

అతను లేచి జయలక్ష్మి వైపు తిరిగాడు. "పిల్లల్ని రోజూ చూసేది మీరు. ఈవిడ మాట నాకక్కర్లేదు, మీరు చెప్పండి. వీడెవడు?"

బుల్లిబాబు కిష్టమ్మ పట్టు విడిపించుకోవాలని పెనుగులాడుతున్నాడు. ఉప్మా అంటిన చేతులు తల్లికోసం గాలిలో వెతుకుతున్నాయి.

"ఎల్లేశమేనండీ" అంది జయలక్ష్మి, ఆ చేతుల వంక చూడకుండా. "కిష్టమ్మ కొడుకు."