జ్వరం అంటించిన చెయ్యి

"పేరు చెప్పండి మేడం, చాలు. మిగతాది నా కత్తెర చూసుకుంటుంది!"

టైలరు అన్నంత పనీ చేసేలా ఉన్నాడు. ఆరోగ్యశాఖ డాక్టరమ్మ కుర్చీ కాస్త వెనక్కి జరుపుకుంది. మంచం మీద అతని భార్య దుప్పట్లో వణుకుతోంది. పెళ్లికి కుట్టిన జాకెట్టు ఇప్పుడు ఆమెకి తొడిగితే హ్యాంగరుకి తగిలించినట్టే.

కాపురానికొచ్చిన కొన్నాళ్లకే టైఫాయిడ్ వచ్చింది. తగ్గింది. మళ్లీ వచ్చింది. వచ్చినప్పుడల్లా ఆస్పత్రిలో కొత్త డాక్టరు, కొత్త మందులు. అసలు మళ్లీ మళ్లీ ఎందుకొస్తోందని అడిగింది ఈ డాక్టరమ్మే. "ఇంకోసారి వస్తే పేగు తట్టుకోదు" అని చెప్పిందీ ఈవిడే.

"ఇది జ్వరం కాదు మేడం, కుట్ర! కుట్టేవాణ్ణి, కుట్ర నాకు తెలీదా?"

ఆ పగతోనే పాలవాడి క్యాన్లు రోడ్డు పాలు చేశాడు. ఎదుటి టిఫిన్ సెంటరుకి తాళం వేయించాడు. సాయానికొచ్చిన మరదల్ని "చేతులు కడిగావా?" అని కడిగేసి, ఆ చుట్టరికానికే చేతులు కడిగేసుకున్నాడు.

"కుట్ర కాదండీ," అంది డాక్టరమ్మ. "కొందరికి ఎప్పుడో వచ్చి పోయిన టైఫాయిడ్ పూర్తిగా పోదు. క్రిమి కడుపులో దాక్కుంటుంది. మనిషికి ఏ నలతా ఉండదు. వాళ్ల చేతి మీదుగా ఇంకొకళ్ల తిండిలోకి పోతుంది. అందుకే వీధిలో అందరికీ మలపరీక్ష చేయించాం. ఒకళ్లు బయటపడ్డారు."

"నేననలా! వాళ్లంతా సిగ్గుపడుతుంటే ముందు నేనే ఇచ్చి దారి చూపించా. ఇది పుట్టింట్లో ఉన్నన్నాళ్లూ బూరెల్లాంటి బుగ్గలతో ఉంది మేడం. ఈ వీధిలో కాలుపెట్టింది, కాలిపోయింది!"

"టైలరుగారూ, నేను చెప్పేది..."

"వినక్కర్లా. వాడికి పాడె కొలతలు తీసుకోవడమే!"

"ఊరుకోండి," అంది భార్య నీరసంగా. "ఎవరైనా కావాలని చేస్తారా? పాపం, వాళ్లకీ తెలీదేమో."

"తెలీకపోతే? తెలీక తొక్కినా పాము కాటెయ్యదా? నువ్విలా ఎండిపోతుంటే వాడు నిక్షేపంగా తిరుగుతాడా?" టైలరు వంటగదిలోకి వెళ్లి, తాను కాచిన జావ గిన్నెతో వచ్చి మంచం పక్కన కూర్చున్నాడు. "లే బంగారం, రెండు చెంచాలు తాగు."

ఊది ఊది చల్లార్చి, చెంచా ఆమె నోటి దగ్గరికి తీసుకెళ్తూ డాక్టరమ్మ వైపు తిరిగాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"పేరొద్దులెండి మేడం. ఏ చేత్తో అంటించాడో ఆ చెయ్యి చూపించండి. ఇక్కడే, దీని కళ్లముందే నరికేస్తా!"

డాక్టరమ్మ గబుక్కున లేచి, అతని మణికట్టు పట్టుకుంది.

"ఇదే ఆ చెయ్యి."