తిరుగు డబ్బా

"మళ్ళీ వచ్చింది," అన్నాడు వీరబ్రహ్మం, వంటింటి గట్టు మీది స్టీలు డబ్బా వంక చూస్తూ.

రత్నమాణిక్యం మూత తీసింది. ఈసారి బీట్‌రూట్ కేకు. ఎదురు వాటాలో ఉండే వర్షిణి కుక్కర్‌లో ఇసుక పోసి మరీ చేసి, "గుడ్డు వెయ్యలేదండి పిన్నిగారూ, పెరుగే" అని చేతిలో పెట్టి వెళ్ళింది.

"నాకు షుగరు," అన్నాడు వీరబ్రహ్మం ముందుజాగ్రత్తగా.

"అంటే మొత్తం నేనే తినాలా?"

పారేద్దామంటే చెయ్యి రాదు, తిందామంటే గొంతు దిగదు. పోనీ ఎలాగో తిన్నా గొడవ వదలదు. ఒకరింటి గిన్నె ఖాళీగా తిప్పి పంపకూడదు కదా. రత్నమాణిక్యం పాకుండలు పెట్టి పంపితే, వారం తిరక్కుండా అదే డబ్బా అరటిపండు కేకుతో వచ్చేది. గవ్వలు పెడితే క్యారెట్ కేకు. వర్షిణి వాళ్ళు ఎదురు వాటాలో దిగినప్పటి నుంచి ఇదే వరస.

అలాగని పిల్లను నొప్పించలేదు. ఆ ఇంట్లో నోరారా పలకరించేది వర్షిణి ఒక్కతే. కింద ఉండే ఓనరు అచ్చాయమ్మ ఆర్నెల్లుగా ఎదురుపడితే మొహం తిప్పుకుంటోంది. సరిగ్గా స్నానాల వేళకి మోటారు కట్టేస్తోంది. ఎందుకో ఎవరికీ తెలీదు. ఇప్పుడు ఈ పిల్లతో కూడా చెడితే ఇంక గోడలతో మాట్లాడుకోవాలి.

"చెప్పెయ్యి," అన్నాడు వీరబ్రహ్మం.

"ఏమని? నీ కేకు మాకొద్దనా?"

"అలా ఎందుకు? డబ్బా ఖాళీగా ఇచ్చెయ్. అదే అర్థం చేసుకుంటుంది."

రత్నమాణిక్యం బుద్ధెరిగాక ఎవరికీ ఖాళీ గిన్నె ఇచ్చి ఎరగదు. ఏమీ లేకపోతే గుప్పెడు పంచదారైనా పోసేది. మర్నాడు పొద్దున్నే డబ్బా తోమి, తుడిచి, పంచదార సీసా వైపు చూడకుండా బయటికి నడిచింది. దొంగతనానికి వెళ్తున్నట్టు అటూ ఇటూ చూసి గుమ్మం దాటింది.

"అమ్మా వర్షిణీ, ఇదుగో నీ డబ్బా. ఏమీ అనుకోకు, ఖాళీగా ఇస్తున్నాను."

వర్షిణి చెయ్యి చాపలేదు. "నా డబ్బా ఏంటండీ? అది మీదే కదా?"

"నాదేంటి? మొదటి కేకు ఇందులోనే కదమ్మా పంపావు?"

"మేం దిగిన రోజు మా గుమ్మంలో సున్నుండలతో పెట్టింది మీరే కదండీ! డబ్బా ఖాళీగా ఇవ్వకూడదని మా అమ్మ ఫోన్లో ఒకటే పోరు. నాకేమో వంట రాదు. అప్పటికప్పుడు వీడియో చూసి కేకు నేర్చుకున్నాను. మీరు చూస్తే వదలకుండా పెట్టి పంపుతూనే ఉన్నారు. మీ పాకుండ కొరికి మా ఆయనకి రూట్ కెనాల్ కూడా అయింది పిన్నిగారూ."

రత్నమాణిక్యానికి రోషం వచ్చింది. ఆవిడ పాకుండల్ని అంతవరకూ ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ రోషాన్ని మించిన సంతోషం ముంచుకొచ్చింది.

"అయితే ఇంక కేకులు చెయ్యవా?"

"మీరు పెట్టకపోతే చెయ్యనండి."

ఇద్దరూ గుమ్మంలోనే పడీపడీ నవ్వారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటూ రత్నమాణిక్యం ఆగింది.

"అవునూ, ఆ సున్నుండలు నేను పెట్టలేదే. మరి ఈ డబ్బా ఎవరిది?"

"నాది."

డాబా మీద వడియాలు ఎండబెట్టి దిగుతున్న అచ్చాయమ్మ మెట్ల మీద నిలబడి ఉంది.

"కొత్తగా దిగారు కదా అని నేనే పెట్టి వెళ్ళాను. గిన్నె అడిగి తీసుకోవడం మా ఇంటా వంటా లేదు. నా డబ్బా మీ ఇద్దరి మధ్యా తిరుగుతుంటే ఆర్నెల్ల నుంచి చూస్తున్నాను."

మోటారు సంగతి ఇద్దరికీ ఒకేసారి బోధపడింది. రత్నమాణిక్యం గబగబా కొంగుతో డబ్బా మళ్ళీ తుడిచి, రెండు చేతులా అందించింది. అచ్చాయమ్మ మొహం ఇన్నాళ్ళకి విచ్చుకుంది. డబ్బా అందుకుని, మూత తీసి, లోపలికి చూసింది.

"ఇదేంటమ్మా, ఖాళీగా ఇస్తున్నారు?"